మరుగున పడిన నాయిక: మిన్నీ మౌస్

మిక్కీ మౌస్ పేరు వినని విద్యార్థి అరుదు. అతని సరసన నిలిచిన మిన్నీ మౌస్‌ను మాత్రము తలపై రిబ్బను ముడి గల బొమ్మగానే ఎరుగుదుము. మేమును చాలకాలము అట్లే తలచితిమి. ఆమె తొలి చిత్రములను పరిశీలించిన పిదప మా అభిప్రాయము మారినది.

వాల్ట్ డిస్నీ నిర్మించిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ 1928 నవంబరు 18న న్యూయార్కులో ప్రదర్శితమైనది. బొమ్మల కదలికకు శబ్దమును చక్కగా జతపరచుటయే దాని కీర్తికి మూలము. అందు మిన్నీ తెచ్చిన సంగీతపత్రములను ఒక మేక మేసివేయును. మిన్నీ దాని తోకను మరవలె త్రిప్పగా నోటినుండి పాట వెలువడును. మిక్కీ వాయించునది ఆ పాటకే.

అదే యేట తయారైన ‘ప్లేన్ క్రేజీ’లో, ఎగురుచున్న విమానమున మిక్కీ అనుచితముగా ప్రవర్తింపగా మిన్నీ సహింపక క్రిందికి దుమికినది. ప్రాణభయముకన్న ఆత్మగౌరవమే ఆమెకు మిన్న.

హాలీవుడ్ ‘వాక్ ఆఫ్ ఫేమ్’ కాలిబాటపై ప్రముఖుల పేర్లతో నక్షత్రములు పొదుగుదురు. మిక్కీకి ఆ గౌరవము 1978లో దక్కినది. 1934లో తెరకెక్కిన డోనాల్డ్ డక్‌కు 2004లో లభించినది. 1928 నాటి మిన్నీకి 2018లో గాని రాలేదు. సహనటునికన్న 40 ఏండ్ల ఆలస్యము!

ఆమె ప్రధానపాత్రగా వచ్చిన చిత్రములు తక్కువ గదా యని కొందరనవచ్చును. అవకాశమీయక, ఆ కొరతనే కారణముగా చూపుట న్యాయము కాదని మా మనవి.

విద్యార్థులారా! ఇకపై ఆ చిత్రమును చూచునపుడు వాయించువానినే గాక, పాటను పలికించు చేతిని కూడ గమనింపుడు.