కారం ఎక్కడ ఆపాలి: మార్గరీటా కలపడంలో నా అనుభవ పాఠాలు

డాలస్‌లో ఉండే మన తెలుగువాళ్ళకు మార్గరీటా కొత్తేమీ కాదు. మంచులా గడ్డకట్టిన మార్గరీటా పోసే మొదటి యంత్రం పుట్టింది ఈ ఊళ్ళోనే. 1971లో మారియానో మార్టినెజ్ అనే రెస్టారెంటు యజమాని సాఫ్ట్ ఐస్‌క్రీం యంత్రాన్ని మార్చి దాన్ని తయారుచేశాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ళ అమెరికా చరిత్ర మ్యూజియం సొత్తు. ఈమధ్య మన పిల్లలు ఇంట్లోనే మిరపకాయ వేసి టెకీలా మార్గరీటా కలుపుతున్నారు. వాళ్ళు నన్నడిగేది కారం ఎలా పెంచాలని. నేను చెప్పేది ఎక్కడ ఆపాలని.

1. సీసా మీద రాసింది చదివి కొనండి. "100 శాతం అగావే" అని ఉండాలి. ఆ మాట లేకపోతే అందులో 49 శాతం దాకా వేరే చక్కెరలు పులియబెట్టి కలపడానికి మెక్సికో నిబంధనలు ఒప్పుకుంటాయి. టెకీలాకు వాడదగ్గ అగావే రకం నీలి అగావే ఒక్కటే. మన పొలం గట్ల మీద కంచెగా పెంచే కిత్తనారకు అది దగ్గరి చుట్టం. ఖలీస్కో రాష్ట్రంలో, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లో తయారైతేనే దానికి టెకీలా అన్న పేరు. ఈ పానీయానికి పీపాల్లో నిల్వ ఉంచని తెల్లటి బ్లాంకో చాలు. ఏడాది దాటి పీపాలో మాగిన అన్యెహో మీద డబ్బు పోసి, దాని మీద నిమ్మరసం పిండటం దండగ.

2. నిమ్మకాయ అప్పటికప్పుడు పిండండి. సీసాలో దొరికే రసం జోలికి పోవద్దు. అమెరికా దుకాణాల్లో కనిపించే పెద్ద ఆకుపచ్చ కాయ పర్షియన్ లైమ్. మెక్సికన్ దుకాణాల్లో దొరికే చిన్న కాయ మన ఊరి నిమ్మ జాతిదే. వాసనా పులుపూ దానికే ఎక్కువ. పెరట్లో పార్టీ అని ఎండలో కూర్చుని మాత్రం పిండకండి. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి.

3. మిరపకాయ దగ్గరే మన పౌరుషం అడ్డొస్తుంది. స్కోవిల్ లెక్కలో హలపీనో కారం 2,500 నుంచి 8,000. సెరానో 10,000 నుంచి 23,000. గుంటూరు సన్నం 30,000 దాటుతుంది. అందుకని గుంటూరు కాయ వేస్తే గొప్ప అనుకోకండి. హలపీనోలోని పచ్చి వాసన అగావేతో, నిమ్మతో కలుస్తుంది. ఎండుమిరప వేస్తే గ్లాసులో మంట తప్ప ఇంకేమీ మిగలదు.

ఘాటు ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉన్న తెల్లటి ఈనెలో. దాన్ని తీసేస్తే కారం బాగా తగ్గుతుంది. ఆ ఘాటు నీళ్ళలో సరిగా కరగదు, మద్యంలో చకచకా దిగుతుంది. పావు లీటరు టెకీలాకు ఒక్క హలపీనో చక్రాలుగా కోసి వేయండి. పావుగంట తర్వాత ఒక చెంచా తీసి, నిమ్మరసం, తీపి కలిపి రుచి చూడండి. ఆపైన ఐదేసి నిమిషాలకోసారి చూస్తూ, చాలనగానే వడకట్టేయండి. రాత్రంతా వదిలేస్తే కారంతో పాటు పసరు చేదు కూడా దిగుతుంది.

రుచి చూసేది కూడా మీరొక్కరే కాకూడదు. చిన్నప్పటి నుంచీ కారం తిన్న నాలుక, మూడు గుక్కలకే ఇంకా మొద్దుబారే నాలుక, అతిథుల తరఫున తీర్పు చెప్పలేదు. ఇంట్లో కారం తక్కువ తినేవాళ్ళెవరో వాళ్ళతో చూపించండి.

4. కారం మించిపోతే అందులో మామూలు టెకీలా కలపండి. నోరు మండినవాళ్ళకు మంచినీళ్ళు ఇస్తే లాభం లేదు. పాలో పెరుగో ఇవ్వండి. వాటిలోని మాంసకృత్తు ఘాటును పట్టుకుని కడిగేస్తుంది.

5. కంటి అంచనా కూరకు సరిపోతుంది, దీనికి కాదు. టెకీలా 60 మి.లీ., నిమ్మరసం 30, అగావే పాకం 15. నారింజ లిక్కర్ లేని ఈ పద్ధతి శాన్‌ఫ్రాన్సిస్కోలో టామీస్ రెస్టారెంటు నడిపిన కుటుంబంలోని హూలియో బెర్మెహోది. కారానికి ఇదే కుదురుతుంది. మంటను పట్టి ఉంచేది తీపి కాబట్టి పాకాన్ని మరీ తగ్గించకండి.

6. షేకర్ లేకపోతే బిగుతు మూత ఉన్న గాజు సీసా చాలు. ఆవకాయ పెట్టిన సీసా మాత్రం వద్దు, ఎంత తోమినా ఆ వాసన వదలదు. నిండా ఐస్ వేసి, పది పదిహేను సెకన్లు గట్టిగా కుదపండి. కరిగిన నీరు కూడా ఈ పానీయంలో భాగమే. గ్లాసులో మళ్ళీ కొత్త ఐస్ వేసి, దాని మీదకు వడపోయండి.

7. ఉప్పు గ్లాసు అంచుకు సగం వరకే. గళ్ళుప్పు కచ్చాపచ్చాగా దంచి, నిమ్మతొక్క తురుము, చిటికెడు గుంటూరు కారం కలపండి. మన మిరపకు ఇక్కడ తగిన చోటు ఇదే. కావాలనుకున్నవాళ్ళు ఆ వైపు నుంచి తాగుతారు, వద్దనుకున్నవాళ్ళు గ్లాసు తిప్పుకుంటారు.

8. మిరపకాయ కోసిన చేతిని ముందు నూనెతో, తర్వాత సబ్బుతో రుద్ది కడగండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళకు ఈ మాట రెండుసార్లు చెప్పండి.

9. తాగనివాళ్ళను బలవంతపెట్టకండి. "ఒక్కటేగా" అనే మర్యాద మన విందుల్లో చాలాకాలం నడిచింది, ఇక చాలు. నిమ్మరసం, పాకం, చిదిమిన రెండు హలపీనో ముక్కలు, సోడా కలిపి, అదే ఉప్పు అంచు గ్లాసులో ఇవ్వండి. ఎవరి చేతిలో ఏముందో ఎవరూ ఆరా తీయరు.

10. ఎంత పోశారో లెక్క పెట్టుకోండి. 40 శాతం మద్యంలో 44 మి.లీ. అంటే అమెరికా లెక్కలో ఒక డ్రింకు. మన గ్లాసులో 60 ఉంది, పులుపూ తీపీ దాన్ని దాచేస్తాయి. టెక్సస్‌లో డ్రైవింగుకు రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరితే నేరం. సెలవులకు ఇండియా వెళ్తే ఆ హద్దు 0.03. రెండో గ్లాసు పోసే ముందు కారు తాళాలు ఎవరి జేబులో ఉన్నాయో చూసుకోండి. మూడోది అడిగినవాళ్ళకు పెరుగన్నం పెట్టండి.