పెనుగొండ చెంత కార్ల కర్మాగారము

అనంతపురము సీమ పడమటి కనుమల చాటున ఉన్నందున అచ్చట వర్షము మిక్కిలి తక్కువ. వేరుసెనగ పైరును నమ్ముకొన్న రైతులు వానలు లేని యేట కూలికై బెంగుళూరు మొదలగు నగరములకు వలసపోవుట పరిపాటి. 1565లో తళ్ళికోట యుద్ధము ముగిసిన పిమ్మట విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుగొండ ఈ సీమలోనిదే. 2022 నుండి అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది.

2017లో దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ, పెనుగొండ చేరువనున్న ఎఱ్ఱమంచి యొద్ద కార్ల కర్మాగారమును నెలకొల్పుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనెను. మూలధనము సుమారు 110 కోట్ల డాలర్లు. ఏటికి 3 లక్షల కార్లు తయారుచేయుట లక్ష్యము. 2019 ఆగస్టులో అచ్చటినుండి విక్రయమునకు తగిన మొదటి కారు వెలువడెను.

విదేశపు ధనము వచ్చినంతనే అందఱకును ఒకే తీరున పని దొరకునా? దొరకదు. మొదట కట్టడపు పని వచ్చును. తాపీపనివారికిని, కూలీలకును అది మంచి కాలము. కాని గోడలు లేచి కప్పు పడగానే ఆ పని ముగియును. తరువాతిది కర్మాగారపు పని. కారు రేకులను అతికించు వెల్డింగు పనిని పెక్కుభాగము యంత్రహస్తములే చేయును. అయినను ఆ యంత్రమును అమర్చువాడును, దాని నడకను కనిపెట్టువాడును, చెడినప్పుడు బాగుచేయువాడును కావలెను. కావున కొలతలు తప్పక చూడగలవారికిని, విద్యుత్తు సంగతులు తెలిసినవారికిని గిరాకి పెరుగును. మూడవది అనుబంధ పరిశ్రమల పని. ఒక కారునకు వేలకొలది భాగములు కావలెను. వాటిని తయారుచేయు కర్మాగారములు చుట్టుప్రక్కల వెలసెను. వాటి వెంట లారీలు నడుపువారికిని, భోజనశాలలు పెట్టుకొన్నవారికిని జీవనము దొరకును.

ఈ మార్పులో నష్టమును కలదు. ఏ అదనున విత్తవలెనో, ఏ నేలలో ఏ పంట పండునో ఎఱిగిన రైతు అనుభవమునకు కర్మాగారపు వాకిట వెల లేదు. భూమి ఇచ్చినవానికి పైకము ముట్టును. కాని నడివయస్సున క్రొత్త విద్య అలవడుట కష్టము. అతని బిడ్డలకైనను ఆ విద్య రానిచో, కర్మాగారము ఊరి ప్రక్కనే యున్నను మంచి కొలువులు దూరపు ఊళ్ళవారికే దక్కును.

2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, పరిశ్రమలలో నూటికి 75 కొలువులు స్థానికులకు ఈయవలెనని చట్టము చేసెను. తగిన నైపుణ్యము గలవారు దొరకనిచో, ప్రభుత్వ సహకారముతో మూడేండ్లలో స్థానికులకు శిక్షణ ఇప్పింపవలెనని కూడ అందు వ్రాయబడెను. ఆ చట్టము చెల్లునా యను ప్రశ్న న్యాయస్థానమునకు పోయెను. దాని సంగతి యెట్లున్నను, నేర్పు లేనిదే వాటా నిండదని దానిని చేసినవారే గుర్తించిరి.

మూలధనము కడలి దాటి రాగలదు. నేర్పు అట్లు రాదు. దానిని పారిశ్రామిక శిక్షణ సంస్థలలోను, పాలిటెక్నిక్ కళాశాలలలోను, వాటికంటె ముందు గణితమును విజ్ఞానమును బోధించు పాఠశాలలలోను ఊరివారే పెంపొందించుకొనవలెను.