తాళంతో పాటు ఏమివ్వాలి?
మోటారు వాహన చట్టంలో జరిమానాలు, కోర్టు తీర్పులు, దాతల బాధ్యత



మనం చేసే సహాయాల తీరు కొన్నేళ్లుగా మారింది. ఒకప్పుడు ఒక కుటుంబాన్ని నిలబెట్టాలంటే కుట్టు మిషనో, తోపుడు బండో ఇప్పించేవాళ్లం. ఇప్పుడు ఆటో, ట్రాలీ, ఇంటింటికీ పార్సిళ్లు అందించే కుర్రాడికి బైకు ఇప్పిస్తున్నాం. సంతోషించవలసిన మార్పే ఇది. అయితే కుట్టు మిషన్ ఇచ్చినవారిని కోర్టు ఏనాడూ పిలవదు. బండి ఇచ్చినవారిని పిలిచే అవకాశం ఉంది. ఎప్పుడు పిలుస్తుంది, ఎందుకు పిలుస్తుంది అన్నది దాతలందరూ తెలుసుకోవాలి.

ముందుగా జరిమానాల సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. పెంచిన జరిమానాలు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి చట్టంలోకి వచ్చాయి. లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చిన యజమానికీ అంతే శిక్ష. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. జుమా నమాజుకు ఒకే బైకు మీద ముగ్గురు వెళ్లడం మనకు మామూలు దృశ్యం. దానికీ అదే శిక్ష, తల మీద టోపీ ఉన్నా సరే! ఇన్సూరెన్సు లేని బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయలు లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ. మళ్లీ దొరికితే 4,000.

ఇవి చట్టంలో రాసిన మొత్తాలు. రోడ్డు మీద చలానాగా కట్టించుకునే మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో రేట్లు పెంచింది. తెలంగాణ అప్పట్లో పెంచలేదు. పైగా 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో మరోసారి పేరుకుపోయిన చలానాల మీద పెద్ద రాయితీలు ఇచ్చింది. ఖజానాకు డబ్బు వచ్చి ఉండవచ్చు గానీ, దీనివల్ల మనవాళ్లలో ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. చలానా అంటే రాయితీ వచ్చేదాకా ఆగి కట్టుకునే బాకీ అన్నట్టు చూస్తున్నారు. తాగి నడిపిన కేసు వంటివి అలా తేలవు, కోర్టు మెట్లు ఎక్కవలసిందే. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఎంత పెద్ద జరిమానా అయినా ఒక నెల సంపాదనలో తేలిపోతుంది. కుటుంబాన్ని కూల్చేది జరిమానా కాదు, నష్టపరిహారం.

ఒక ప్రమాదంలో మనిషి చనిపోతే రెండు వేర్వేరు కేసులు నడుస్తాయి. ఒకటి పోలీసులు పెట్టే క్రిమినల్ కేసు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ల వరకు జైలు ఉండేది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దాన్ని ఐదేళ్లకు పెంచింది. రెండోది, చనిపోయినవారి కుటుంబం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో వేసే పరిహారం కేసు. మొదటిదాంట్లో కట్టే జరిమానా సాధారణంగా ప్రభుత్వానికి పోతుంది. రెండోదాంట్లో తేలిన సొమ్ము బాధిత కుటుంబానికి చేరుతుంది. మొదటి కేసు కొట్టేసినంత మాత్రాన రెండోది పోదు.

పరిహారం ఎలా లెక్కిస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. ముప్పై ఏళ్ల తాపీమేస్త్రీ, నెలకు 15,000 సంపాదన, మీద ఆధారపడినవారు భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునే నలభై లోపు మనిషి కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2017లో చెప్పింది. అంటే 2,52,000. అందులో అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1,68,000. ఆ వయసుకు 2009 నాటి తీర్పు ప్రకారం గుణకం 17. మొత్తం 28,56,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటి పద్దులు, వడ్డీ దీనికి అదనం. ఒక సామాన్య కూలీ ప్రాణానికి కోర్టు కట్టే లెక్క ఇది. ఎక్కువని ఎవరైనా అంటే, ఆ ఇద్దరు పిల్లలను ఒకసారి తలచుకోవాలని నా మనవి.

బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండి, నడిపినవారికి సరైన లైసెన్సు ఉంటే ఈ సొమ్ము ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది. పాలసీ లేకపోతే నడిపినవారు, యజమాని కట్టాలి. పాలసీ ఉన్నా లైసెన్సు లేనివారికి యజమాని తెలిసీ బండి ఇస్తే? 2004లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్థిరపరచిన పద్ధతి ప్రకారం, కంపెనీ ముందు బాధితులకు చెల్లించి ఆ తరవాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. బాధితుల దృష్టితో చూస్తే ఇది న్యాయమే. యజమాని దృష్టితో చూస్తే పాలసీ ఉండీ లేనట్టే. ట్రిబ్యునల్ ధ్రువపత్రం ఇస్తే కలెక్టరు ఈ బాకీని భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేయవచ్చు. ఇల్లు, స్థలం జప్తుకు వచ్చేది అప్పుడే.

యజమాని అంటే ఎవరు? దాతలకు నేరుగా తగిలే ప్రశ్న ఇదే. మన షరీఅత్‌లో హిబా, అంటే బహుమానం, మూడు విషయాలతో పూర్తవుతుంది: ఇచ్చేవారి ప్రకటన, పుచ్చుకునేవారి అంగీకారం, వస్తువు స్వాధీనం. తాళం, బండి చేతికిచ్చి దుఆ చేసి పంపితే ధర్మం దృష్టిలో ఆ ఆటో ఇక అతనిదే. మోటారు వాహన చట్టం మాత్రం ఆర్‌సీలో ఎవరి పేరుందో చూస్తుంది. బండి చేతులు మారినా, అమ్మేసినా, రవాణా శాఖ రికార్డులో పేరు మారనంత వరకు పాత యజమానే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో బండి ఒకరి తరవాత ఒకరికి అమ్ముడుపోయింది. అయినా పరిహారం భారం రికార్డులో పేరున్న మొదటి మనిషి మీదే పడింది.

కాబట్టి మీ పేరు మీదున్న పాత బైకును పేద కుర్రాడికి ఇచ్చినా, సంస్థ పేరు మీద కొన్న ఆటోను ఒక కుటుంబానికి అప్పగించినా, పేరు మార్పిడి జరిగాకే దానం పూర్తయినట్టు లెక్క. ఒకే రాష్ట్రంలోనైతే ఇచ్చినవారు 14 రోజుల్లో, పుచ్చుకున్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్సు కంపెనీకి పుచ్చుకున్నవారు 14 రోజుల్లో తెలపాలి. కొన్ని సంస్థలు "అమ్ముకుంటాడేమో" అన్న అనుమానంతో ఆర్‌సీ తమ పేరు మీదే ఉంచుకుంటున్నాయి. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఒక ఆటో ధర కాపాడుకోబోయి సంస్థ నిధిని, అంటే వందలాది మంది ఇచ్చిన సదఖా సొమ్మును, 28 లక్షల బాకీకి ఎదురు నిలబెడుతున్నారు. ఇది తెలివైన పని అని నేను అనుకోను. మొదటి ఏడాది ఇన్సూరెన్సు ప్రీమియం, లైసెన్సు ఖర్చు కూడా సహాయంలో కలిపి ఇవ్వడం ఇంతకంటే ఎంతో మేలు.

ఇక ఇంటి సంగతి. పదిలో మంచి మార్కులు వచ్చాయనో, పండగకనో పదిహేనేళ్ల పిల్లవాడికి బండి కొనిచ్చే తాతలు, మామలు మనలో తక్కువేమీ కాదు. 199ఎ సెక్షను ప్రకారం మైనరు నేరం చేస్తే సంరక్షకులను లేదా బండి యజమానిని దోషిగా ఎంచుతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చదువు అయ్యి ఉద్యోగానికి తిరిగే వయసంతా అందులోనే పోతుంది. "మాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటే చాలదు. మీ అనుమతితోనే నడిపాడని కోర్టు ముందే భావిస్తుంది. కాదని, లేదా తగిన జాగ్రత్త తీసుకున్నామని మీరే నిరూపించుకోవాలి. ఈ సెక్షను రాకముందే, 2018లో, హైదరాబాదులో మైనర్లకు బండ్లిచ్చిన తండ్రులు ఒకటి రెండు రోజులు జైలుకు వెళ్లారు. 2011లో సుప్రీంకోర్టుకు వచ్చిన ఒక కేసులో బంధువుల మైనరు కుర్రాడు ఇంట్లో ఎప్పుడూ ఉండే చోటు నుంచి బైకు తాళం తీసుకెళ్లి ప్రమాదం చేశాడు, ఒక ప్రాణం పోయింది. తాను ఇవ్వలేదని యజమాని మొర పెట్టుకున్నా, పరిహారం అతని నుంచి ఇన్సూరెన్సు కంపెనీ రాబట్టుకోవచ్చన్న తీర్పే నిలిచింది.

పొరపాటున ప్రాణం తీసినవారి గురించి దివ్యఖుర్ఆన్ నిసా సూరా 92వ ఆయతులో స్పష్టమైన ఆదేశం ఉంది. మృతుని వారసులకు దియత్ అంటే పరిహారం, దానితో పాటు కఫ్ఫారా. బానిస విముక్తికి వీలు లేనివారికి అది వరసగా రెండు నెలల ఉపవాసాలు. కోర్టులో కేసు ముగిసినా ఈ రెండో బాధ్యత మిగిలే ఉంటుంది. వివరాలు ఉలమాను అడగాలి. అప్పుల్లో చిక్కినవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ఒకరు గనుక, పరిహారం బాకీ తీర్చలేనివారు మన సంస్థల తలుపు తట్టడం సహజం. ప్రతి దరఖాస్తునూ ముఫ్తీ సలహాతో విడిగా చూడాలి.

ఢీకొట్టిన బండి దొరకని కేసుల్లో మనవాళ్లు హక్కుగా వచ్చే సొమ్మును కూడా వదులుకుంటున్నారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అలాంటి ప్రమాదంలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ప్రభుత్వ పథకం కింద ఇస్తారు. ప్రమాదం జరిగిన ప్రాంతంలో క్లెయిముల విచారణ అధికారిగా నియమితులైన రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం లేదా గాయాల నివేదిక, గుర్తింపు పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ నకలు జతచేయాలి. బండి దొరికిన కేసుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి చట్టం ఇచ్చిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. చనిపోయినవారి భార్య ఇద్దత్‌లోనే నాలుగు నెలల పది రోజులు గడిచిపోతాయి. ఆమె తరఫున కాగితాలు కూడగట్టే పని సంస్థ కార్యకర్త ఒకరు మొదటి వారంలోనే మొదలుపెట్టవచ్చు.