ఎన్విడియా కార్డ్ ఉన్నా లైనక్స్‌లో గేమ్ ఎందుకు నత్తనడక నడుస్తుంది? జీఎస్పీ ఫర్మ్‌వేర్ ఏం మార్చింది?

లైనక్స్ ఇన్‌స్టాల్ చేశారు, సిస్టమ్‌లో ఎన్విడియా కార్డ్ ఉంది, డెస్క్‌టాప్ బాగానే వచ్చింది. కానీ గేమ్ ఓపెన్ చేస్తే ఫొటోలు ఒక్కొక్కటిగా మారుతున్నట్టు ఉంది. "ఓపెన్ సోర్స్ డ్రైవర్ అంటే ఇంతేలే" అనుకుంటాం కదా? అసలు కారణం వేరే ఉంది.

సమస్య ఎక్కడ మొదలైంది?

ఎన్విడియా కార్డులకు లైనక్స్‌లో ఉన్న ఓపెన్ సోర్స్ డ్రైవర్ పేరు నూవో. కార్డు ఎలా పనిచేస్తుందో గమనించి, రివర్స్ ఇంజినీరింగ్ చేసి రాసిన డ్రైవర్ ఇది. 2014లో జీటీఎక్స్ 900 సిరీస్ వచ్చాక చిక్కు మొదలైంది. కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేకపోతే క్లాక్ స్పీడ్ మార్చడం కుదరదు. ఆ ఫర్మ్‌వేర్ నూవోకి దొరకలేదు. దాంతో బూట్ అయినప్పటి తక్కువ స్పీడ్‌లోనే కార్డు ఉండిపోయేది. ఫస్ట్ గేర్‌లో హైవే ఎక్కిన బైక్ లాగా అన్నమాట!

జీఎస్పీ ఏం చేస్తుంది?

2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచి కార్డు లోపలే జీఎస్పీ అనే చిన్న రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ ఉంటోంది. కార్డును సిద్ధం చేయడం, పవర్, క్లాక్ చూసుకోవడం లాంటి పనులు దాని ఫర్మ్‌వేరే చేస్తుంది. ఇంతకుముందు ఏ రిజిస్టర్‌లో ఏ విలువ, ఏ వరుసలో రాయాలో డ్రైవరే తెలుసుకోవాలి, అదీ ప్రతి చిప్‌కీ విడిగా. ఇప్పుడు ఫలానా పని కావాలని మెసేజ్ పంపితే చాలు. హోటల్లో ఆర్డర్ చెప్పడం వేరు, వంటింట్లోకి వెళ్లి మనమే వండుకోవడం వేరు కదా!

2022 మేలో ఎన్విడియా తన కెర్నల్ మాడ్యూల్స్ సోర్స్ బయటపెట్టింది. జీఎస్పీతో ఎలా మాట్లాడాలో అందులో కనిపించింది. 2024 జనవరిలో వచ్చిన లైనక్స్ 6.7తో నూవోకి జీఎస్పీ సపోర్ట్ చేరింది. రస్ట్ భాషలో మొదలైన నోవా అనే కొత్త డ్రైవర్ అయితే జీఎస్పీ ఉన్న కార్డులకే పరిమితం. పాత తరాల బరువు మోయనక్కర్లేదు కాబట్టి కోడ్ చిన్నదవుతుంది.

మరి మెలిక?

ఆ ఫర్మ్‌వేర్ సోర్స్ మాత్రం మూసే ఉంది. అందులో బగ్ వస్తే బయటి డెవలపర్లు సరిచేయలేరు. పైగా వెర్షన్ మారితే మెసేజ్‌ల తీరు కూడా మారొచ్చు, డ్రైవర్‌ని మళ్లీ సరిచేయాలి. అంటే పని తేలికైంది, కానీ తాళం ఇంకా కంపెనీ చేతిలోనే ఉంది.

మీరు ఏం చూసుకోవాలి?

లైనక్స్ కోసం సెకండ్ హ్యాండ్ కార్డ్ కొంటున్నారా? ఓపెన్ డ్రైవర్‌తోనే వాడాలనుకుంటే జీటీఎక్స్ 16, ఆర్టీఎక్స్ 20 సిరీస్ లేదా ఆపై కార్డులు చూడండి. జీటీఎక్స్ 900, 10 సిరీస్‌లలో జీఎస్పీ లేదు. ధర తక్కువ కదా అని తీసుకుంటే నూవోతో మళ్లీ ఆ ఫస్ట్ గేరే!