జ్వరం తగ్గాకా జాగ్రత్త

ప్రశ్న: మాది సూరత్‌లోని అడాజన్. వానలు పడితే చాలు, మా నాలుగేళ్ల బాబుకు జ్వరమో విరేచనాలో పట్టుకుంటాయి. ఏం చేయాలి డాక్టర్ గారూ?

జవాబు: విరేచనాలకు ఓఆర్‌ఎస్ తాగిస్తూ, జింకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు వేయండమ్మా. తిండి మాన్పించొద్దు.

జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ చాలు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. డెంగీలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడిన చేతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బొప్పాయాకు రసం నమ్ముకుని ఆలస్యం చేయకండి.

డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. కూలర్లు, కుండీల కింది పళ్లేలు వారానికోసారి తోమి ఆరబెట్టండి.

2006 ఆగస్టు తాపీ వరద మీ పేట పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అంత వరద రాకపోయినా, వీధిలో నిలిచిన నీళ్లలో బాబును ఆడనివ్వకండి. ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ రావచ్చు.