కార్పణ్యము: ఒక మాటకు మూడు ముఖములు

ఇంగ్లీషు నేర్చుకొను బాలునికి "మిజరీ" అను మాట ఎదురైనపుడు ఉపాధ్యాయుడు సాధారణముగా "దుఃఖము" అని అర్థము చెప్పి ముందుకు సాగును. అది తప్పు కాదు గాని, అంతతో చాలదు. దుఃఖము వచ్చును, పోవును. "మిజరీ" అనునది నిలిచియుండు దురవస్థ. ఆకలి, వ్యాధి, అప్పు మున్నగువానిలో చిక్కి, బయటపడు త్రోవ కానరాని మనుష్యుని స్థితి అది. తెలుగున దైన్యము, దిక్కులేనితనము అనునవి దానికి చేరువ మాటలు. వైష్ణవ సంప్రదాయమున దానికి సాటియైన పదము వేఱొకటి కలదు. అదియే కార్పణ్యము. ఈ రెండు పదములను ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించినచో, శరణాగతి ధర్మములోని ఒక ముఖ్యవిషయము తేటపడగలదు.

లాటిను భాషలో "మిసెర్" అనగా దీనుడు. అతని స్థితి "మిసేరియా". ఇది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దిలో ఇంగ్లీషున చేరి "మిజరీ" అయినది. బ్రిటనులో ఎల్లప్పుడు సణుగుచు ఇతరుల ఉల్లాసమును చెఱచువానిని గూడ "మిజరీ" అందురు. అమెరికా దక్షిణ ప్రాంతపు పల్లెవాడుకలో నడుమునొప్పి వంటి శరీరబాధకును ఈ మాట చెల్లినది. ఇక ఆ "మిసెర్" శబ్దమే 16వ శతాబ్దిలో "మైజర్" అను రూపమున ఇంగ్లీషులోనికి వచ్చి, మొదట దీనుడను అర్థమునే ఇచ్చెను. ఉన్న ధనమును తాను తినక, పరులకు పెట్టక, దీనునివలె బ్రదుకు పిసినారికి క్రమముగా అది పేరయ్యెను. నేడు ఈ అర్థమే మిగిలినది.

సంస్కృతమున కృపణ శబ్దము సరిగా ఈ రెండర్థములనే మోయుచున్నది. కృపణుడనగా దీనుడు; కృపణుడనగా లోభి. లాటిను, సంస్కృతములు దూరపు చుట్టములైన భాషలే అయినను, ఈ రెండు పదముల మూలములు వేఱు. వేఱు మూలములు గల మాటలు ఒకే త్రోవ నడచుటకు కారణము లోకానుభవమే. దిక్కులేనివానికి లేక లేమి. పిసినారికి ఉండియు లేమి.

మూడవ ముఖము ఇంకొకటి కలదు. కృపణ, కృప అను రెండును ఒకే కుదుటి పదములు. చూచినవారికి జాలి కలిగించువాడు కృపణుడు. ఆ జాలియే కృప. లాటినులో సైతము "మిసెర్" నుండియే దయను తెలుపు "మిసెరికోర్డియా" అను మాట ఏర్పడినది. దీనునివైపు కరగు హృదయమని దాని భావము. దైన్యము, లోభము, దయ అను మూడును రెండు భాషలలోను ఒకే ఇంటి పేరుతో వెలసినవన్నమాట.

శాస్త్రమున ఈ శబ్దప్రయోగము గమనింపదగినది. బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయమున, అక్షరతత్త్వమును తెలియకయే ఈ లోకమును విడుచువాడు కృపణుడని యాజ్ఞవల్క్యుడు గార్గికి చెప్పెను. గీత రెండవ అధ్యాయమున ఫలమునకై మాత్రమే కర్మ చేయువారిని భగవానుడు కృపణులనెను. అదే అధ్యాయమున అర్జునుడు కార్పణ్యదోషముచే తన స్వభావము దెబ్బతిన్నదని విన్నవించుకొని, ప్రపన్నుడై శిష్యత్వమును కోరెను. ఇంతవరకు ఈ పదము దోషవాచకముగానే కానవచ్చును.

కాని పాంచరాత్ర శాస్త్రము ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము, మహావిశ్వాసము, గోప్తృత్వవరణము, కార్పణ్యము, ఆత్మనిక్షేపము అని శరణాగతిని ఆరు విధములుగా చెప్పినది. దోషమైన కార్పణ్యము ఇచ్చట ఉపాయములో ఎట్లు చేరినది? వేదాంతదేశికులు దీనిని వివరించుచు, తనకు వేఱు సాధనము లేదను తలంపు, దానివలన గర్వము తొలగుట, భగవంతుని కృపను కలిగించునట్టి దీనవృత్తి అని మూడు విధములుగా అర్థము చెప్పిరి. కావున కార్పణ్యమనగా కష్టములో నుండుట కాదు. తన శక్తి ఎంతవరకో నిజముగా ఎఱుగుట.

మక్తల్ సీమవారికి ఈ భేదము సులభముగా బోధపడును. 2019 నుండి నారాయణపేట జిల్లాలో నున్న ఈ ప్రాంతమునకు కృష్ణాభీమా సంగమము దాపుననే కలదు. అయినను మెట్టభూములగుటచే క్రింద పారు నీరు పొలములకు ఎక్కలేదు. వాననే నమ్ముకొనిన పాలమూరు కూలీలు కరవు కాలమున గునపము, పార చేతబట్టి దూరదేశములకు వలసపోయి, పరుల కొఱకు కాలువలు త్రవ్విరి, ఆనకట్టలు కట్టిరి. వారి దురవస్థ "మిజరీ" అను మాటకు తగినదే. కాని అంత శ్రమించిన వారిని చేతగానివారనుట అన్యాయము. తరువాతి కాలమున భీమా ఎత్తిపోతల పథకముచే సంగంబండ జలాశయమునకు నీరు ఎక్కినది. పొలమునకు నీరు తెచ్చుట మానవప్రయత్నమునకు అందును, అది చేయవలసినదే. సంసారమును దాటుట మాత్రము జీవుని స్వప్రయత్నమునకు అందదు. ఆ ఎఱుకయే కార్పణ్యము. గర్వము మెట్ట వంటిది. దానిని దించుకొనినవానియందు కృప తానై పారును.

ఇందొక హెచ్చరిక అవసరము. కార్పణ్యము ఎవరికి వారు తమను గూర్చి తలచుకొనవలసిన ధర్మమే కాని, ఎదుటివానికి బోధింపదగినది కాదు. ఆకలితో వాకిట నిలిచినవానితో "నీ దైన్యమే నీకు మోక్షసాధనము, ఓర్చుకొనుము" అనుట శాస్త్రమును వక్రముగా చెప్పుటయే. అట్లు చెప్పి తలుపు మూయువాడే రెండవ అర్థమున కృపణుడగును. దైన్యము ఎదుటివానియందు కానవచ్చినపుడు మన వంతు కృప మాత్రమే.

మక్తల్‌లో వెలసిన పడమటి ఆంజనేయస్వామిని సేవించువారికి రామాయణమే దీనికి సాక్ష్యము. విభీషణుడు సర్వమును విడిచి సముద్రతీరమున నిలిచినపుడు సుగ్రీవాదులు శంకించిరి. హనుమంతుడు మాత్రము అతని రాకను సమర్థించి పలికెను. శ్రీరాముడు, శత్రువైనను దీనుడై శరణన్నచో కాపాడవలసినదేయని ధర్మమును నిర్ణయించెను. విభీషణుని వంతు కార్పణ్యము. హనుమంతుని వంతు ఆ దీనుని పక్షమున ఒక మాట. స్వామి వంతు రక్షణము.

గృహస్థునికి ఈ మూడు ముఖములును నిత్యము ఎదురగుచునే యుండును. పూజామందిరమున తనకు వేఱు గతి లేదని నిజముగా తలంచుట, వాకిట దీనుని చూచినపుడు చేయి చాచి పెట్టుట, ధాన్యపుగాదె యొద్ద లోభమును తన దరికి రానీయకుండుట: ఈ మూడును కలిసినపుడే కార్పణ్యము శరణాగతికి అంగమగును.