మత్తుమందు, క్యాన్సర్, రోగనిరోధక శక్తి

పరకాల నుంచి క్యాన్సర్ ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి బయలుదేరే ఇంట్లో ఒక భయం ఉంటుంది: మత్తుమందు ఒంట్లోని శక్తిని తినేస్తుందా? పోటీ పరీక్షలకు చదివేవారికి ఇది మంచి ప్రశ్న కూడా.

ఆపరేషన్ సమయంలో కొన్ని కణితి కణాలు రక్తంలోకి జారిపోవచ్చు. వాటిని పట్టి చంపేవి సహజ హంతక కణాలు, అంటే ఎన్‌కే కణాలు. ఇవి రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం లింఫోసైట్లు. కత్తి పడగానే కార్టిసాల్, అడ్రినలిన్ పెరిగి ఇవి మందగిస్తాయి. పీల్చే మత్తు సెవోఫ్లూరేన్, నొప్పి తగ్గించే మార్ఫిన్ కూడా వీటిని అణచగలవని, సిరలోకి ఎక్కించే ప్రొపోఫాల్‌తో ఆ ప్రభావం తక్కువని ప్రయోగశాల పరిశోధనలు సూచించాయి.

అసలు గుర్తుపెట్టుకోవాల్సింది 2019 నాటి ‘లాన్సెట్’ అధ్యయనం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్న 2,108 మంది మహిళల్లో ఒక వర్గానికి వెన్ను పక్కన నరాల మత్తుతో ప్రొపోఫాల్, మరో వర్గానికి సెవోఫ్లూరేన్‌తో మార్ఫిన్ వంటి ఓపియాయిడ్లు ఇచ్చారు. వ్యాధి తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు.

బిట్ల కోసం: క్లోరోఫాం మత్తు భద్రతను పరిశీలించిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు 1888, 1889, నాటి పాలకుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, సారథి ఎడ్వర్డ్ లారీ. ప్రపంచ అనస్థీషియా దినం అక్టోబర్ 16.

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఇస్తే, మత్తుకు భయపడి వాయిదా వేయనివ్వకండి.